పాలచెరువులో మా చెంబు

నాకొచ్చిన ఒక ఈమెయిల్‌కి నాలుగేళ్లు జవాబివ్వలేదు. రాసింది ఎవరో డిగ్రీ చదివే కుర్రాడు, మన దేశం కాదు. ఎక్కువేం అడగలేదు. మీ జట్టు రిజిస్ట్రీలో పెట్టిన ఫ్లోరైడ్ పార్టుని వాడుకుందామనుకుంటున్నాం, పేజీలో 'పనిచేస్తుంది' అని రాశారు, ఏ స్ట్రెయిన్‌లో, అంటే ఏ రకం బ్యాక్టీరియాలో చూశారు, అందులో సీఆర్‌సీబీ అనే జన్యువు ఉందా తీసేశారా, ఎన్ని డిగ్రీల దగ్గర పెంచారు? అంతే. మూడూ సూటి ప్రశ్నలు. రెండోది చదవగానే నాకు చెమట పట్టింది. ఆ జన్యువు సంగతి మాకు అసలు తట్టనే లేదు.

ఆ మెయిల్ కథ చెప్పాలంటే ముందు మా పార్టు సంగతి చెప్పాలి. దానికంటే ముందు, ఐజెమ్ అనే విద్యార్థుల పోటీ కోసం ఆ పార్టులన్నీ, అంటే ఏదో ఒక పని చేసేలా తయారుచేసి బ్యాక్టీరియాలో పెట్టే డీఎన్‌ఏ ముక్కలన్నీ దాచే చోటు, ఆ రిజిస్ట్రీ సంగతి.

కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్లినవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. అక్కడ రెసిస్టర్ అడిగితే షాపువాడు ఎన్ని ఓములు అని తిరిగి అడుగుతాడు. మీరు అంకె చెబుతారు, వాడు డబ్బాలోంచి తీసిస్తాడు. ఆ రెసిస్టర్ లోపల ఏముందో మీకూ అక్కర్లేదు, వాడికీ అక్కర్లేదు. ఎవరు చేసినదైనా మీ సర్క్యూట్‌లో ఒకేలా కూర్చుంటుంది. జీవశాస్త్రంలో ఇలాంటి డబ్బాల కొట్టు ఎందుకు ఉండకూడదు అనేది ఎంఐటీలో కొందరికి వచ్చిన ఆలోచన. వాళ్లలో ముఖ్యుడు టామ్ నైట్, అసలు కంప్యూటర్ల మనిషి. నడివయసులో బ్యాక్టీరియా మీద మనసు పడి జీవశాస్త్రం నేర్చుకున్నాడు. ఆయనా, డ్రూ ఎండీ, రాండీ రెట్‌బర్గ్ లాంటివాళ్లూ కలిసి 2003 జనవరిలో విద్యార్థులకు ఒక చిన్న కోర్సు పెట్టారు. మిణుకుమిణుకుమని వెలిగి ఆరే బ్యాక్టీరియాని డిజైన్ చేయడం అందులో పని. ఆ పార్టులతోనే రిజిస్ట్రీ మొదలైంది. 2004లో 5 అమెరికన్ కాలేజీల జట్లు పోటీ పడ్డాయి. 2005లో 13 జట్లు, బయటి దేశాలవాళ్లు కూడా వచ్చారు. దాని పేరే ఐజెమ్. ఇప్పుడు ఏటా వందల జట్లు. రిజిస్ట్రీలో పార్టులు 20,000 దాటాయి.

పద్ధతి చాలా ఉదారమైనది. కొట్టులోంచి కావలసింది తీసుకో, నువ్వు తయారుచేసింది తిరిగి కొట్టులో పెట్టు. లైసెన్సు గొడవ లేదు, పేటెంటు లాయర్ లేడు. పద్దెనిమిదేళ్ల పిల్లల చేతికి ఇలాంటిది ఇచ్చిన శాస్త్రరంగం నాకు ఇంకొకటి తెలియదు. ఈ వ్యాసంలో నేను ఎంత సణిగినా ఈ మాట మాత్రం వెనక్కి తీసుకోను.

కిట్ మా ల్యాబుకి వచ్చిన రోజు గుర్తుంది. పెట్టెలో అరచేతికి కొంచెం పెద్దవైన ప్లాస్టిక్ ప్లేట్లు. ఒక్కోదాంట్లో 384 గుంటలు, పైన వెండిరంగు రేకు. ఒక్కో గుంటలో అడుగున ఎండిన డీఎన్‌ఏ, కంటికి కనిపించనంత. రేకుకి పైపెట్ మొనతో చిల్లు పెట్టి 10 మైక్రోలీటర్ల నీళ్లు పోయాలి. పోయగానే ఎర్రబడుతుంది. డీఎన్‌ఏ రంగు కాదది, నీళ్లు సరిగ్గా చేరాయో లేదో తెలియడానికి ముందే కలిపి ఉంచిన క్రిసాల్ రెడ్ అనే రంగు. మేం ఆరుగురం ఆ ఒక్క గుంట చుట్టూ తలలు దూర్చి చూశాం. జెల్లీఫిష్ నుంచి వచ్చిన వెలుగు జన్యువు ఒక గుంటలో, పగడాల బంధువు నుంచి వచ్చిన ఎరుపు ఇంకో గుంటలో. అరిసెల పిండి పక్కింటికి చేబదులు ఇచ్చినంత మామూలుగా ఎవరో వేల మైళ్ల అవతలనుంచి పంపారు.

ఈ పార్టులు ఒకదానికొకటి అతుక్కునే కిటుకు నైట్‌ది. ఇప్పటికీ నాకు అది చూస్తే ముచ్చటేస్తుంది. ప్రతి పార్టుకీ ముందు రెండు, వెనక రెండు కత్తిరింపు చోట్లు ఉంటాయి. ముందు ఎకోఆర్‌వన్, ఎక్స్‌బీఏవన్. వెనక స్పీవన్, పీఎస్‌టీవన్. ఇవి డీఎన్‌ఏని ఫలానా అక్షరాల దగ్గరే కోసే ఎంజైముల పేర్లు. ఎక్స్‌బీఏవన్ కోసిన కొస, స్పీవన్ కోసిన కొస ఒకదానితో ఒకటి చక్కగా అతుక్కుంటాయి. అతుక్కున్న తర్వాత ఆ చోటుని ఆ రెండు ఎంజైముల్లో ఏదీ గుర్తుపట్టదు, మళ్లీ కోయలేవు. అంటే రెండు పార్టులు కలిపాక వచ్చేదానికి కూడా ముందు అవే రెండు చోట్లు, వెనక అవే రెండు. అది కూడా ఒక పార్టే. మూర మల్లెపూలకి ఇంకో మూర ముడేస్తే అదీ మాలే కదా, అలా. ఎంత పొడుగైనా కట్టుకుంటూ పోవచ్చు, ముడి వేసే పద్ధతి మారదు.

ముడి దగ్గర మాత్రం ఒక మచ్చ మిగులుతుంది. ఎనిమిది అక్షరాల మచ్చ. జన్యువుని కణం మూడేసి అక్షరాలుగా చదువుతుంది, ఎనిమిది మూడుతో పోదు. పైగా ఆ మచ్చలోనే 'ఇక్కడ ఆపు' అని చెప్పే టీ-ఏ-జీ ఉంది. కాబట్టి రెండు ప్రొటీన్లను ఒకటిగా అతికించాలనుకున్నవాళ్లకి మొదటి పద్ధతి పనికిరాలేదు. ఫ్రైబర్గ్ జట్టు ఒక మార్పు చేసింది, ఇంకొకరు ఇంకొకటి చేశారు. ప్రమాణం ఒకటే ఉండాలని మొదలుపెట్టిన చోట అయిదారు ప్రమాణాలయ్యాయి. ఇదేం వింత కాదు, మన ఫోన్ ఛార్జర్ల సంగతి చూడలేదా.

మొదటి నెలంతా మాకు ఒకటే పని, కోయడం, అతికించడం, బ్యాక్టీరియాలోకి ఎక్కించడం, మర్నాడు పొద్దున్నే పరిగెత్తుకొచ్చి ప్లేట్ చూడటం. మొదటిసారి ప్లేట్ నిండా కాలనీలు, అంటే బ్యాక్టీరియా గుంపుల చుక్కలు వచ్చాయి. దానిమ్మ గింజల్లా ఎర్రగా, ముద్దొచ్చేలా. ఫోటోలు తీసుకున్నాం. ఒకడు అప్పటికే ఇంటికి ఫోన్ చేసేశాడు. మా ల్యాబులో పీహెచ్‌డీ చేస్తున్న అక్క వచ్చి ప్లేట్‌ని వెలుతురుకి ఎత్తి చూసి, "ఎర్రగా వచ్చాయని మురిసిపోకండ్రా. ఎర్రవన్నీ ఫెయిలైనవే" అంది.

ఆ తర్వాత అర్థమైంది. పార్టుని బ్యాక్టీరియాలోకి మోసుకెళ్లే డీఎన్‌ఏ చక్రాన్ని ప్లాస్మిడ్ అంటారు. అది ఖాళీగా ఉండకుండా దాంట్లో ముందే ఎరుపు జన్యువు పెట్టి ఇస్తారు. మనం దాన్ని కోసి తీసేసి మన పార్టు పెడితే కాలనీ తెల్లగా వస్తుంది. ఎర్రగా వచ్చిందంటే కోత పడలేదని అర్థం. తప్పు జరిగితే దానంతట అదే చెప్పే ఏర్పాటు. రిజిస్ట్రీ మొత్తంలో నాకు అన్నిటికంటే నచ్చిన పార్టు ఇదే. జె04450 దాని నంబరు. మిగతా వేల పార్టులకి కూడా ఇలాంటి సిగ్గులేని నిజాయితీ ఉంటే ఈ వ్యాసం రాయాల్సిన పని ఉండేది కాదు.

ఇక మా ఫ్లోరైడ్.

ఫ్లోరోసిస్ అంటే తెలుగువాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. మన దేశంలో ఈ జబ్బు గురించి శాస్త్రీయంగా మొదట రాసింది 1937లో, అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లా పల్లెల గురించే. తర్వాత నల్గొండ పేరు దానికి అంటుకుపోయింది. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీయడానికి పటిక, సున్నం వాడే పద్ధతికి 'నల్గొండ టెక్నిక్' అనే పేరు ప్రపంచమంతా ఉంది. మా జట్టులో ఇద్దరిది ఆ జిల్లానే. ఎడింబరా విద్యార్థులు 2006లోనే నీళ్లలో ఆర్సెనిక్ ఉంటే చెప్పే బ్యాక్టీరియాని తయారుచేశారు. వాళ్లు ఆర్సెనిక్‌కి చేస్తే మనం ఫ్లోరైడ్‌కి చేయలేమా అనుకున్నాం.

2012లోనే ఒక మంచి సంగతి బయటపడింది. కొన్ని బ్యాక్టీరియాల్లో ఫ్లోరైడ్‌ని గుర్తుపట్టే ఆర్‌ఎన్‌ఏ ముక్క ఉందని కనుక్కున్నారు. ఆర్‌ఎన్‌ఏకి ఉండేదీ రుణావేశం, ఫ్లోరైడ్‌దీ రుణావేశం. రెండూ ఒకదాన్నొకటి తోసేసుకోవాలి. ఆర్‌ఎన్‌ఏ మూడు మెగ్నీషియం అయాన్లను మధ్యవర్తులుగా పెట్టుకుని ఫ్లోరైడ్‌ని ఒడిసి పట్టుకుంటుంది. పట్టుకోగానే ఆకారం మారి, వెనకున్న జన్యువుని ఆన్ చేస్తుంది. ప్రకృతిలో ఆ వెనకున్న జన్యువు చాలాచోట్ల సీఆర్‌సీబీ. ఫ్లోరైడ్‌ని కణం బయటికి తోసేసేది. దాని బదులు వెలుగు జన్యువుని పెడితే? ఫ్లోరైడ్ ఉన్న నీళ్లలో ట్యూబు ఆకుపచ్చగా వెలుగుతుంది. కాగితం మీద ఎంత అందంగా ఉందో చూడండి. త్రాగునీటిలో లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితే వెలగాలి, అంతే. మునుగోడులో బోరు దగ్గర నిలబడి ట్యూబు ఊపి చూపిస్తున్నట్టు మాకు కలలొచ్చేవి.

ఆ ఆర్‌ఎన్‌ఏ ముక్కకి డీఎన్‌ఏ తయారు చేయించుకున్నాం. జన్యువుని చదవడం మొదలుపెట్టించే ప్రమోటర్, వెలుగు జన్యువు, చివర ఆపేసే టెర్మినేటర్ కిట్‌లోవే. అతికించాం. తెల్ల కాలనీలు వచ్చాయి. సీక్వెన్స్, అంటే అక్షరాల వరస, సరిపోయింది. ఫ్లోరైడ్ వేసి చూశాం.

మూడుసార్లు చేశాం. మొదటిసారి వెలగలేదు. రెండోసారి కొద్దిగా వెలిగింది, కానీ ఫ్లోరైడ్ వేయని ట్యూబు కూడా కొంత వెలిగింది. మూడోసారి వెలగలేదు. రెండోసారి తీసిన గ్రాఫ్ పోస్టర్ మీదికి ఎక్కింది.

రిజిస్ట్రీ పేజీలు నింపడానికి గడువు ఆ రాత్రితో అయిపోతుంది. పోస్టర్ ప్రింటింగ్, వీసా, ఫీజుల డబ్బు, ఒకటి కాదు. ఆరుగురిలో పోటీకి వెళ్లగలిగింది ఇద్దరమే. పేజీలో ఒక్కో గడీ నింపుకుంటూ వెళ్తున్నాం. 'వాడినవారి అనుభవం' అన్న చోట ఏం రాయాలి అన్నారు. 'పనిచేస్తుంది' అని రాయమన్నది నేనే. గ్రాఫ్ జతచేశాం. స్ట్రెయిన్ పేరు రాయలేదు, ఉష్ణోగ్రత రాయలేదు, మూడుసార్లలో రెండుసార్లు వెలగలేదని రాయలేదు. పెళ్లిలో పురోహితుడు తొందర్లో ఉంటే చేస్తాడే, అలా మమ అనిపించాం. మాకు కాంస్య పతకం వచ్చింది. అమ్మ ఇప్పటికీ దాన్ని షోకేసులో తిరుపతి ప్రసాదం డబ్బా పక్కన పెట్టుకుంది.

చిన్నప్పుడు అందరం విన్న కథే. రాజుగారు ఊళ్లో చెరువు తవ్వించి, రాత్రికి ఇంటికో చెంబెడు పాలు పోయండి, తెల్లారేసరికి పాలచెరువు కావాలి అంటాడు. ఊరంతా పాలే పోస్తారు కదా, నేనొక్కడిని నీళ్లు పోస్తే ఎవరికి తెలుస్తుందిలే అని ప్రతివాడూ అనుకుంటాడు. తెల్లారి చూస్తే చెరువు నిండా నీళ్లు. ఆ రాత్రి మేం పోసింది నీళ్ల చెంబు. మాలాంటి చెంబులు ఎన్నో ఉన్నాయని తర్వాత ఆ పేజీలు వందలకొద్దీ చదివాక తెలిసింది. ఒక పేజీలో పేరు, అక్షరాల వరస తప్ప ఇంకేం ఉండదు. ఇంకో పేజీలో 'అనుకున్నట్టే పనిచేసింది' అని ఉంటుంది, అనుకున్నదేమిటో ఉండదు. 2010లోనే నేచర్ పత్రిక ఈ రంగం గురించి రాస్తూ చెప్పిన చేదు నిజాల్లో మొదటిది ఇదే, పార్టుల్లో చాలావాటి లక్షణాలే సరిగ్గా తెలియవని.

ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చింది అని మన సామెత. దాన్ని చూపించి, ఉమ్మడి అన్నదే పనికిరాదు, ఎవరి సొత్తు వాళ్ల దగ్గరుంటేనే బాగుపడుతుంది అనేవాళ్లు ఉంటారు. మా ల్యాబులోనే ఒక సార్ ఆ మాట అనేవారు. నేను ఒప్పుకోను. గొర్రె చచ్చింది ఉమ్మడిది అయినందుకు కాదు. గొర్రెల్ని తెచ్చినవాడికి బహుమానం ఇచ్చి, మేపినవాడికి ఏమీ ఇవ్వకపోవడం వల్ల. చాలా ఏళ్లు కాంస్య పతకానికి కనీసం ఒక కొత్త పార్టు ఇచ్చి తీరాలన్నది షరతు. ఏటా వంద, రెండు వందల జట్లు. కొత్త పార్టు అడిగితే కొత్త పార్టే వస్తుంది. అంతకుముందు ఏడాది ఎవరో పెట్టినది పనిచేస్తుందో లేదో చూసి చెప్పమని అడిగి ఉంటే అదే వచ్చేది. పిల్లలం కదా, పరీక్షలో ఏం వస్తుందో అదే చదువుతాం. ఐజెమ్‌వాళ్లు ఇది గుర్తించారు కూడా. పాత పార్టుని మెరుగుపరచడాన్ని, ఉన్న పార్టుకి కొత్త కొలతలు జోడించడాన్ని తర్వాత తర్వాత పతకాల లెక్కలోకి తెచ్చారు. అయినా జట్ల మనసులో పెద్దపీట కొత్తదానికే. మన కాలేజీల్లో మరీనూ. వైవాలో మొదటి ప్రశ్న "ఇందులో నీ నావెల్టీ ఏంటి?" పాతదాన్ని పరీక్షించాను సార్ అంటే, అయ్యవారు ఏం చేస్తున్నారంటే చేసిన తప్పులు దిద్దుకుంటున్నారు అన్నట్టు నవ్వుతారు.

తప్పంతా బద్ధకానిదే అంటే మాత్రం అన్యాయం. ఇక్కడే గుజరాతీ గల్లీ పోలిక దెబ్బతింటుంది. రెసిస్టర్ ఏ సర్క్యూట్‌లో పెట్టినా అన్ని ఓములే. ప్రమోటర్ అలా కాదు. దాని పక్కన ఏ అక్షరాలున్నాయి, ప్లాస్మిడ్ కాపీలు కణంలో ఎన్ని, ఏ స్ట్రెయిన్, ఏ మీడియం (బ్యాక్టీరియాని పెంచే ద్రవం), ఎంత వేడి, కణం ఆ పూట ఎంత ఆకలిగా ఉంది, అన్నిటినీ బట్టి మారుతుంది. ఒకే మొక్క గోదావరి ఒడ్డున ఒకలా, అనంతపురంలో ఒకలా పెరిగినట్టు. ఈ పార్టులకి బయోబ్రిక్స్, అంటే ఇటుకలు అని పేరు పెట్టారు గానీ ఇవి విత్తనాలు. ఇటుకకి కొలత ఉంటే చాలు. విత్తనాన్ని మాత్రం ఏ నేలలో, ఏ కార్తెలో, ఎన్ని తడులు పెట్టి వేశావో చెప్పకుండా ఇస్తే ఇచ్చినట్టు కాదు. మన ఊళ్లలో విత్తనాలు ఇచ్చిపుచ్చుకునే ఆడవాళ్లు గింజతో పాటు ఆ కబురంతా ఇస్తారు. కబురు లేని గింజని ఎవరూ నమ్మి వేయరు.

కబురు ఎలా రాయాలో చూపించినవాళ్లు లేకపోలేదు. 2008లో ఎండీ, బారీ కాంటన్, ఇంకొకరు కలిసి ఎఫ్2620 అనే ఒక్క పార్టు మీద పని చేసి, ఎలక్ట్రానిక్స్ చిప్పుకి ఇచ్చేలాంటి డేటా షీట్ తయారుచేశారు. ఎంత సిగ్నల్‌కి ఎంత స్పందన, ఎంతసేపట్లో, ఎన్ని తరాలు నిలబడుతుంది, అన్నీ. చూస్తే కళ్లు చెమర్చేంత శ్రద్ధ. ఒక్క పార్టుకి అంత పని పడుతుందని తెలిశాక, 20,000 పార్టులకి ఎవరు చేస్తారనే నిట్టూర్పు కూడా వస్తుంది.

అన్నిటికంటే పెద్ద చిక్కు కొలతలది. వెలుగుని కొలిచే యంత్రం ఒక్కో ల్యాబులో ఒక్కో అంకె ఇస్తుంది. మాది 8,000 అంటే పక్క ల్యాబుది 45, రెండూ ఒకే ట్యూబు. మన వంటల పుస్తకాల్లో 'ఉప్పు తగినంత' అని ఉంటుందే, సరిగ్గా అదే. రాసినవాడికి ఎంతో తెలుసు, చదివినవాడికే కష్టం. 2009లో జేసన్ కెల్లీ, ఇంకొందరు ఒక తేలికైన ఉపాయం చెప్పారు. నీ ప్రమోటర్‌ని విడిగా కొలవకు, జె23101 అనే ప్రమోటర్‌ని పక్కన పెట్టి దానికి ఎన్ని రెట్లో చెప్పు. అలా చూస్తే తేడాలు సుమారు సగానికి తగ్గాయి. తర్వాత 2014 నుంచి ఐజెమ్ జట్లన్నీ ఒకే పార్టుల్ని తలోచోట కొలిచే పని మొదలైంది. 2018లో 244 ల్యాబులు కలిసి, ద్రవంలో ఎన్ని కణాలున్నాయో లెక్కకట్టడానికి ఏది నమ్మదగిన పద్ధతో తేల్చాయి. బ్యాక్టీరియా అంత సైజులో ఉండే సిలికా పూసల్ని వరసగా పలచన చేస్తూ పోయి వాటితో యంత్రాన్ని సరిచూసుకోవాలి. 244 చోట్ల డిగ్రీ పిల్లలు పైపెట్లు పట్టుకుని ఇసుకపూసలు పలచన చేస్తూ కూర్చోవడం ఊహించుకోండి. వార్తల్లోకి ఎక్కే పని కాదు. నా ఉద్దేశంలో ఐజెమ్ మొత్తం చరిత్రలో సైన్సుకి ఎక్కువ మేలు చేసింది అదే. బ్యాక్టీరియాకి అరటిపండు వాసన అంటించిన 2006 ఎంఐటీ జట్టు కంటే, తొలకరి మట్టివాసన తెప్పించబోయిన 2009 బెంగళూరు విద్యార్థుల కంటే. ఆ మట్టివాసన జట్టంటే నాకు ఎంత ఇష్టమున్నా సరే.

ఇప్పుడు కొత్తగా వినిపించే వాదన ఇంకొకటుంది. ఈ కొట్టు అవసరమే తీరిపోయింది కదా అని. అక్షరాలు టైపు చేసి పంపితే డీఎన్‌ఏ అచ్చేసి ఇంటికి పంపే కంపెనీలున్నాయి. అక్షరానికి పది సెంట్ల లోపే. వెలుగు జన్యువుకి 720 అక్షరాలు, లెక్కకడితే కొన్ని వేల రూపాయలు. క్రిస్ ఆండర్సన్ బర్కిలీలో తయారుచేసి ఇచ్చిన ప్రమోటర్ల వరస ఉంది, ఒక్కోటి 35 అక్షరాలు, అది ఇంకా చవక. ఎండిన గుంటల్ని సముద్రాలు దాటించడం ఎందుకు?

డీఎన్‌ఏ వరకు ఆ వాదన చాలావరకు నిజమే. అమెరికాలో కూర్చున్నవాడికి ఇంకా నిజం. మనకి కొరియర్, కస్టమ్స్, కాలేజీ కొనుగోళ్ల ఫైలు దాటి ఆ ట్యూబు బల్ల మీదికి వచ్చేసరికి సెమిస్టర్ అయిపోతుంది, అది వేరే గోల. అసలు సంగతి ఏమిటంటే, ఆండర్సన్ వరసని అందరూ ఎందుకు వాడుతున్నారు? ఆ 35 అక్షరాల కోసం కాదు. ఆ పేజీలో పక్కన ఒక పట్టిక ఉంది. జె23100 బలం 1 అనుకుంటే జె23101ది 0.70, జె23106ది 0.47, జె23114ది 0.10, జె23113ది 0.01. అంత చిన్న పట్టిక. దాన్ని చూసి వందల జట్లు తమకు కావలసింది ఏరుకున్నాయి, వాడి చూసి, మాకు ఇలా వచ్చింది అని మళ్లీ రాశాయి. 20,000 పార్టులున్నా జట్లు తిరిగి తిరిగి వాడేవి కొన్నే. ఆ ప్రమోటర్లు, ప్రొటీన్ తయారీని మొదలుపెట్టించే బి0034, వెలుగు జన్యువు ఇ0040, టెర్మినేటర్ బి0015. నలుగురు నడిచిన దారిలో ముళ్లుండవు. అక్షరాల్ని ఏ కంపెనీ అయినా అచ్చేస్తుంది, నలుగురు నడిచారన్న కబురుని మాత్రం ఆర్డర్ పెట్టి తెప్పించుకోలేం.

పార్టులు పంచుకునే సంస్థలు వేరేవీ ఉన్నాయి. 2004లో మొదలైన యాడ్‌జీన్ వచ్చిన ప్రతి ప్లాస్మిడ్‌నీ సీక్వెన్స్ చేసి చూసుకుంటుంది, దాన్ని వాడి రాసిన పేపర్‌ని జతచేస్తుంది, ట్యూబుకి డబ్బు తీసుకుంటుంది. బాగా నడుస్తోంది. కానీ అక్కడికి చేరేది చాలావరకు పేపర్ దాకా వెళ్లినదే, అంటే గెలిచినదే. ఓడిపోయినదానికి అక్కడ కుర్చీ లేదు. విద్యార్థుల కొట్టుకి ఉన్న గొప్ప వరం అదే, ఓడిపోయినా పెట్టవచ్చు. ఆ వరాన్ని మేం 'పనిచేస్తుంది' అనే ఒక్క అబద్ధంతో పారబోశాం.

నన్నడిగితే కొత్త పార్టులు పెట్టడం రెండేళ్లు ఆపేసినా నష్టం లేదు. జట్టుకి మూడు పాత పార్టులు, వేరే దేశంవాళ్లవి, తీసుకుని చేసి చూడాలి. స్ట్రెయిన్, వేడి, మీడియం, ఎన్నిసార్లు చేశారు, ఎన్నిసార్లు రాలేదు, ఈ గడీలు నింపందే పేజీ సేవ్ కాకూడదు. చప్పగా ఉందనిపిస్తే ఉండనీ. ఊరిని బాగుచేసే స్కీములన్నీ మీరే చేయాలని పిల్లలకి ఆశపెట్టి, చివరికి వాళ్లకి నేర్పేది గ్రాఫ్ ఏరుకోవడమైతే అంతకంటే చప్పదనం ఏముంది?

సీఆర్‌సీబీ సంగతికి వస్తాను. మేం వాడిన బ్యాక్టీరియా ఈ.కోలిలో ఆ జన్యువు మామూలుగానే ఉంటుంది. లోపలికి వచ్చిన ఫ్లోరైడ్‌ని వచ్చింది వచ్చినట్టే బయటికి తోడేస్తుంది. లోపల ఫ్లోరైడే లేకపోతే మా ఆర్‌ఎన్‌ఏ ఏం పట్టుకుంటుంది, ఏం వెలిగిస్తుంది? ఆ జన్యువు తీసేసిన బ్యాక్టీరియా అయితే తక్కువ ఫ్లోరైడ్‌కే స్పందిస్తుంది. అలాంటిది దొరకడం కూడా కష్టం కాదు. జపాన్‌లో కేయో విశ్వవిద్యాలయంవాళ్లు ఈ.కోలి జన్యువుల్ని ఒక్కొక్కటే తీసేసి 3,985 రకాల స్ట్రెయిన్లు తయారుచేసి, 2006లో ప్రపంచానికి పంచిపెట్టారు. అదీ ఉమ్మడి సొత్తే, ఎంత పద్ధతిగా ఉంటుందో. మేం వెతకలేదు. ఎందుకు వెలగలేదో అని కూర్చుని ఆలోచించి ఉంటే వెతికేవాళ్లం. వెలగలేదని ఒప్పుకోలేదు కాబట్టి ఆలోచించే అవసరమే పడలేదు. తర్వాత 2020లో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంవాళ్లు అసలు కణమే లేకుండా, కణంలోని సరుకుని ఎండబెట్టి, అదే ఆర్‌ఎన్‌ఏతో ఫ్లోరైడ్‌ని పట్టే పరీక్ష చేశారు. కోస్టారికాలో నీళ్ల మీద పరీక్షించారు. ఆ పేపర్ చదువుతుంటే సంతోషమూ, చిన్న అసూయా.

ఆ మెయిల్ వచ్చినప్పుడు నేను వేరే ఊళ్లో కొత్త ఉద్యోగంలో ఉన్నాను. నోట్‌బుక్ ఇంట్లో ఉంది, చూసి రాస్తాను అనుకున్నాను. నిజానికి నోట్‌బుక్ అక్కర్లేదు, జవాబు నాకు తెలుసు. రాయాలంటే సిగ్గేసింది. వారం నెలయింది, నెల ఏడాదయింది. నాలుగో ఏడాది అమ్మావాళ్లు ఇల్లు మారుతుంటే అటక మీదినుంచి దించిన అట్టపెట్టెలో నోట్‌బుక్ కనిపించింది. ఆ మూడు రోజుల పేజీలు తీశాను. నా చేతిరాతే. '37 షేకర్ ఖాళీ లేదు, 30లో పెట్టాం' అని ఒక మూల పెన్సిల్‌తో ఉంది. ఇది నాకు గుర్తే లేదు.

ఆ రాత్రే జవాబు రాశాను, క్షమాపణతో సహా. రెండు నిమిషాల్లో తిరిగొచ్చింది, ఆ చిరునామా ఇప్పుడు లేదని. చదువు అయిపోయి ఉంటుంది, కాలేజీ మెయిల్ మూసేసి ఉంటారు. అతను ఆ పార్టుని వాడాడో, ఒక వేసవి దాని మీద తగలేశాడో నాకు తెలియదు.

తర్వాత మా పార్టు పేజీ తెరిచి అనుభవం గడీలో ఇలా రాశాను. స్ట్రెయిన్ డీహెచ్5 ఆల్ఫా, సీఆర్‌సీబీ తీసేయలేదు. 30 డిగ్రీలు. మూడుసార్లు చేశాం, రెండుసార్లు ఏమీ వెలగలేదు. ఒకసారి కొద్దిగా వెలిగింది, కానీ ఫ్లోరైడ్ వేయని ట్యూబు కూడా వెలిగింది. పైన పెట్టిన గ్రాఫ్ ఆ ఒక్కసారిది.